పదహారో సీసా

అరవై మూడు.
వసీలీ రెండుసార్లు లెక్కపెట్టాడు,
మూడోసారి పడవే చెప్పింది లెక్క,
అంచుదాకా నీళ్ళు, వెనక్కి కుంగిన మోటారు.
కుస్కొక్విమ్‌లో వల వెయ్యడానికి
ఈ వారం ఇచ్చింది ఆరు గంటలే.
ఆరు గంటల్లో నది ఇచ్చినదాన్ని
మూడు రోజులు మేలుకుని అందుకోవాలి.

అగాఫియా అత్త ముందు దోమల్ని తిట్టింది.
తర్వాత బల్ల మీద నీళ్ళు కొట్టింది.
తర్వాత నన్ను చూసి
"నీ కత్తి నిద్రపోతోంది, లేపు" అని
సానరాయి విసిరింది.

అర్ధచంద్రంలాంటి ఆ ఉలువాక్
అమ్మమ్మ చేతిలో ఉన్నప్పటికి ఇప్పుడు సగమే.
మిగతా సగం రాయి తినేసింది.
తల కింద ఒక కోత.
వెన్నెముక వెంట ఒకటి, ముల్లు చప్పుడు వింటూ.
తోక దగ్గర ఆగాలి.
తోక తెగితే సాల్మన్ రెండు ముక్కలవుతుంది,
వాసానికి వేలాడదు.
మొదటి నాలుగూ తెగ్గొట్టాను.
అత్త ఏమీ అనలేదు,
వాటిని కాలితో చూపించింది, సీసాల బకెట్లోకని.
ఆ ఇంట్లో తప్పులకీ ఒక బకెట్ ఉంటుంది.

ఉప్పు ఎంత అని అడిగితే
నీళ్ళలో ఒక బంగాళాదుంప పడేసింది.
మునిగింది. ఇంకో గుప్పెడు.
మునిగింది. ఇంకో రెండు.
దుంప బట్టతల ముసలాయనలా
మెల్లగా పైకి తేలి మమ్మల్ని చూసింది.
"చాలు" అంది అత్త,
దుంపతోనో, నాతోనో.

ఎర్రటి కండ మీద గాలి తగిలి
గోరుకి అంటనంత పలచగా ఒక మెరుపు పొర కట్టాలి.
అప్పటిదాకా పొగ వద్దు.
ఆ తర్వాత మంట వద్దు.
పచ్చి విల్లో, ఎండిన ఆల్డర్,
మనకి కళ్ళు మండాలి, ఈగకి దారి తప్పాలి,
చేప మాత్రం ఉడక్కూడదు.
వాన చినుకు పడితే వసీలీ
టార్పాలిన్ పట్టుకుని కప్పెక్కుతాడు,
రాత్రి కాని ఆ రాత్రిలో.
ఇక్కడ జూన్‌లో చీకటి పడదు,
ఇక చాలని చెప్పేవాళ్ళెవరూ లేరు.

తలకాయలు చారులోకి, ఉల్లిపాయా గుప్పెడు బియ్యం వేసి.
బుగ్గల కండ పిల్లలకి. కళ్ళు అత్తకి.
వెన్నుముళ్ళు ఎండబెట్టి కుక్కలకి.

సగం పొగబట్టిన ముక్కలు సీసాల్లోకి.
వాయికి పదహారు.
ఈ కుక్కరు ఈల వెయ్యదు,
నెత్తిన బరువు ఊపుకుంటూ
నూట పది నిమిషాలు గొణుగుతుంది.
చల్లారాక ఒక్కో మూతా లోపలికి లాక్కుంటూ
టిక్కుమంటుంది.
అత్తకి వినపడదు. నా వేళ్ళు చూస్తుంది.
టిక్. ఒక వేలు. టిక్. ఇంకో వేలు.
పదిహేను దగ్గర ఆగిపోయాను.

పదహారో మూతని బొటనవేలితో నొక్కింది.
కప్ప గొంతులా పైకి లేచింది.
"ఇది శీతాకాలందాకా ఆగదు" అంది,
ఆ గొంతులో విచారం ఎంత వెతికినా లేదు.
గట్టి బిస్కెట్లు, వెన్న, వేడి వేడి చేప.
నిలబడే తిన్నాం నలుగురం,
వేళ్ళ వెంట కారిన నూనె నాక్కుంటూ.
ఎవాన్ నిద్రలోంచి లేచొచ్చి తిని
మళ్ళీ నిద్రలోకే వెళ్ళాడు.

రెండో వాయిలోనూ ఒక మూత బిగుసుకోలేదు.

మూడోదానికి కళ్ళప్పగించి చూశాను.
వెనిగర్ తడిపిన గుడ్డతో
సీసా అంచులు తుడుస్తోంది, పసివాడి మూతి తుడిచినట్టు.
పదిహేను తుడిచింది.
పదహారోదాని అంచు మీద
నూనెవేలు ఒకసారి రాసి
మూత పెట్టేసింది.

పోయినేడు సీసాలు ఎక్కడికి పోయాయో నాకు తెలుసు.
బెతెల్ ఆసుపత్రిలో ఉన్న తమ్ముడికి తొమ్మిది.
ఒలింకా ఇంట్లో చావుకి ఇరవై.
వల లేని పక్కింటికి, వల ఉన్నా చేతులు లేవని ఆ పై ఇంటికి.
మార్చి నాటికి అత్త అరలో మిగిలింది
ఉప్పు డబ్బా.

ఏమీ అడగలేదు.
నాలుగో వాయికి నడుం పట్టేసి
గుడ్డ నా చేతికిచ్చి
మెట్టు మీద కూలబడింది, నదివైపు తిరిగి.

పదిహేను తుడిచాను.
ఎవాన్, లే. వెన్న ఎక్కడ పెట్టావు?